తాడెక్కిన పాట

పెద్దవల లాగే మనిషికి ఎదురుగా ఎప్పుడూ సముద్రమే ఉంటుంది, వెనక ఏముందో అరికాళ్ళే చూసుకోవాలి. నడుముకు బిగించిన పలుపు కొసను తాడుకు ఒక మెలి వేసి, మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి, వెనక్కి, సరుగుడు తోట మొదళ్ళ దాకా నడవాలి. అక్కడ మెలి విప్పుకుని, నీళ్ళ దగ్గరికి దిగివచ్చి, వరసలో అందరికంటే ముందు నిలబడి, మళ్ళీ మెలేసుకుని మళ్ళీ వెనక్కి. వల ఒడ్డు చేరేదాకా ఇదే తిరగడం. బైరాగి మీసం రాకముందునుంచీ తిరుగుతున్నాడు. ఈ పొద్దు మొదటి తిరుగుడులోనే, తోట దగ్గర మెలి విప్పుకుంటూ, సరుగుడు చెట్ల నడుమ ఒక నీలం చీర కొంగు, ఆ కొంగులోంచి వేలాడుతున్న చిన్న కాలు, కాలికి ఎర్ర ఊలు మేజోడు చూశాడు. చూసి, చూడనట్టు దిగివచ్చేశాడు. కూతురు రాజకుమారి. చంకలో ఉన్నది తను ఇంతవరకూ ఎత్తుకోని మనవరాలు. మందసలో మొదటి బస్సెక్కి, రోడ్డు మీద దిగి, జీడితోటల్లోంచి మంచులో నడిచి వచ్చుంటుంది, పిల్లకి జలుబు చేస్తుందన్న ఆలోచనైనా లేకుండా. ఊళ్ళోకి రాకూడదు గనక తోట దాకా వచ్చి ఆగింది. క్రిస్మసు పొద్దు మరి. రాకుండా ఎలా ఉంటుంది. వస్తుందని తనకు తెలుసు, తెలిసే చీకటితోనే తాడు దగ్గరికి వచ్చి పడ్డాడు. నోరు మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. ఈ ఒడ్డున పాట ఎత్తేవాడు తనే. తను ఎత్తకపోతే రెండు తాళ్ళ మీదా చేతులు కలవవు, ఒక తాడు ముందొచ్చేసి వల మూతి వంకరపోతుంది.

"సంద్రమడుగున సల్లని తల్లీ, సంచి నింపి పంపవే..."

"ఓ... ఐసా!"

"కట్టపడ్డ పిల్లల మీద కనికరాలు సూపవే..."

"ఓ... ఐసా!"

తాడు కదిలింది. తడి కొబ్బరిపీచు అరచేతుల్లో బరబరమంటోంది. ఇంకా వల చాలా దూరం, తెల్లవారిన నీళ్ళ మీద వలను తేల్చే బెండ్లు నల్లటి చుక్కల్లా వంపు తిరిగి ఉన్నాయి. ఆ వంపు లోపల ఏముందో గంగమ్మకే ఎరుక. ఇంట్లో పైడమ్మ ఈపాటికి లేచి గోడకు ఆనుకుని కూర్చునుంటుంది. లేచి అంటే లేవడం కాదు, దొర్లి ఆనుకోవడం. కాళ్ళు వాచి మెరుస్తున్నాయి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. విశాఖ వెళ్ళొచ్చాక డాక్టరు చెప్పిందేమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. ఉద్దానంలో ఎవరి కాళ్ళు వాచినా అది కిడ్నీల జబ్బేనని ఊళ్ళో ముసలీ ముతకా అందరికీ తెలిసిపోయే సంగతి. నిన్న పొద్దుగూకుతూ ఉండగా చేపల పులుసులో మెతుకులు కెలుకుతూ, తినకుండా, "ఇదిగో" అంది. "ఏటి" అన్నాడు. "రేపు మన గుంట రాజకుమారిని ఇంటికి తీసుకొచ్చీ. ఒక్కపాలి. ముగ్గురం కూకొని పాడుకుందుం. పిల్లుంటే నలుగురం. ఆ తరవాత నీ ఊరు, నీ తాడు, నువ్వు." అంతే. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది, ఏడ్చే మనిషిని కసిరి లేచిపోవచ్చు. కంచం కడగడానికి తీసుకుంటే చేతిలోంచి లాక్కుని "నానింకా బతికే ఉన్నాను" అంది.

ముగ్గురూ పాడుకోవడమంటే ఆ పాటే. తమ ఇంట్లో ఇంకో పాట ఎప్పుడుంది. టెక్కలి అవతల మిషనాసుపత్రి వరండాలో దొరికిన పాట అది. రెండో కాన్పు చెడి, మగపిల్లాడు పుట్టీ పుట్టకుండానే పోయి, పైడమ్మ జ్వరంతో ఆ మంచం మీద నెల పైబడి పడి ఉన్న ఏడు. రాజకుమారి అప్పటికి పలక మీద అక్షరాలు దిద్దుతోంది. తను వలకు పోలేదు, వరండాలో గోనెపట్టా వేసుకుని, పొయ్యి రాళ్ళు పెట్టుకుని, కూతురికి గంజి కాచి పోస్తూ కూర్చున్నాడు. డిసెంబరు వచ్చింది. ఆసుపత్రి వాళ్ళు వెదురుబద్దలతో చుక్క కట్టి అందులో బల్బు పెట్టారు. సుగుణమ్మ అని ఒక నర్సమ్మ, నల్లగా, పొడుగ్గా, మనిషి గంభీరం, నవ్వితే మాత్రం చిన్నపిల్ల. సాయంకాలం మందులు ఇస్తూ మంచం మంచానికీ పాడుకుంటూ పోయేది. మంచు రేయి కాపరులారా, మంట వీడి రండయా, పసుల పాకలో పుట్టినాడు, మన పేదల బిడ్డయా. మొదటిరోజు బైరాగికి ఒళ్ళు మండింది. పిల్లాడు పోయి పాలు గడ్డకట్టి గుడ్డలతో బిగించుకున్న ఆడదాని ముందు పుట్టిన పిల్లాడి పాటా? బుద్ధి ఉండక్కర్లేదా? లేచి అడగబోయాడు. మంచం మీంచి పైడమ్మ చేయి అడ్డం పెట్టింది. "పాడనీ" అంది. "ఎవుల బిడ్డయితేనేటి, పుట్టినాడు గదా." ఆ మాట ఎలా అనగలిగిందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి జ్వరం తగ్గిందా అంటే అదేమీ లేదు, ఇంకా పెరిగింది. మొక్కుబడి కథల్లాంటిదేం జరగలేదు. కానీ మర్నాటి సాయంకాలం నర్సమ్మ వచ్చే వేళకి పైడమ్మ తలకు నూనె రాయమని అడిగింది.

"ఓ... ఐసా!" ఎవరో వెనకనుంచి గట్టిగా అరిచారు, పాట ఆలస్యమైందని గుర్తుచేస్తూ. బైరాగి తర్వాతి చరణం ఎత్తాడు. ముందున్న ఢిల్లేసు, పైడమ్మ తమ్ముడు, మెడ తిప్పకుండానే నోటి చివరనుంచి మాట్లాడుతున్నాడు. "బావా. సూసినావా."

"ఏటి."

"ఏటంతావేటి. తోటలో."

"కళ్ళున్నాయి నాకు."

"ఉన్నాయని ఆ పక్క తిప్పేవు. గున్నయ్య మావ నీళ్ళకాడే ఉన్నాడు. నీ మూతి ఆ పక్క తిరిగితే ఈపాలి తాడు నీకే కాదు, నాకూ ఎగిరిపోద్ది. మా ఇంట్లో దానికి నీ అంత పాటలు రావు, తిట్లే వచ్చు." నవ్వాడు ఢిల్లేసు. నవ్వులో భయం ఉంది. భయపడడానికి వాడికి హక్కుంది, వాడికి నలుగురు పిల్లలు.

తాడు ఎగరడం. ఆ మాట పుట్టించినవాళ్ళు సముద్రం దగ్గర పుట్టి పెరిగినవాళ్ళే అయి ఉండాలి. ఇక్కడ మనిషిని వెలి వెయ్యడానికి మంటలు, గుండ్లు గీయించడాలు అక్కర్లేదు. మర్నాడు తాడు దగ్గరికి వెళితే పలుపు మెలెయ్యడానికి ముందువాడు జాగా ఇవ్వడు, వెనకవాడు ఇవ్వడు. ఎవరూ తిట్టరు, ఎవరూ తొయ్యరు. వల వస్తుంది, పాళ్ళు వేస్తారు, నీ పాలు ఉండదు. నీ ఆడది గంప తీసుకుని వస్తే చేపలు వెయ్యరు. అంతే. సొంత పడవ లేనివాడు ఆ తర్వాత కాశీబుగ్గ వెళ్ళి జీడిగింజలు కాల్చుకోవాలి, లేకపోతే పారదీపులో బోట్ల మీద కూలికి పోవాలి. మంచం మీద పైడమ్మ ఉంది, సంచీలో మందులున్నాయి, ఆ మందులకు ఆగడం తెలియదు.

నీళ్ళ దగ్గర మళ్ళీ మెలేసుకున్నాడు. గున్నయ్య మోకాళ్ళ లోతులో నిలబడి తువ్వాలు ఊపుతూ రెండు వరసలనీ దగ్గరికి జరుపుతున్నాడు. కులపెద్ద. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. తుఫాను ఏడు తన ఇంటి గాదెలోని ధాన్యం ఊరికంతా కొలిచి పెట్టినవాడు. పైడమ్మను విశాఖ తీసుకెళ్ళడానికి జీపు మాట్లాడినవాడు. "నీ పెళ్ళాం ఊరి ఆడపడుచురా, దానికేటయినా మాదే బారం" అన్నవాడు. ఆ నోటితోనే రాజకుమారి సంగతి వచ్చినప్పుడు "దాని దారి అది సూసుకుంది, మన గడప తొక్కకూడదు" అన్నాడు. రెండు మాటలకూ గొంతు ఒకటే, మెత్తగా, పెద్దరికంగా.

వెనక్కి, వెనక్కి. ఆసుపత్రినుంచి ఇంటికి వచ్చాక పాట కూడా వెంట వచ్చింది. ఎవరూ బాప్టిస్మం అడగలేదు, ఎవరూ పుచ్చుకోలేదు. పైడమ్మ గంగమ్మకి పసుపు రాయడం మానలేదు, తను ఊరి పడవ ముక్కుకి కుంకం పెట్టడం మానలేదు. ఏడాదికి ఒక్క సాయంకాలం మాత్రం, ఆ పండగనాడు, పార చేపల పులుసు వండుకుని, రాజకుమారి పాత క్యాలెండరు అట్ట కత్తిరించి చుక్క చేసి చూరుకి వేలాడదీస్తే, ముగ్గురూ గుమ్మం దగ్గర కూర్చుని పాడుకునేవాళ్ళు. బైరాగికి గొంతుంది, గొంతున్న సంగతి అక్కడే తెలిసింది. పైడమ్మ మొదటి వరస, కూతురు రెండోది, తను అడుగునుంచి మద్దెలలా. ఒక మనిషి గొంతు ఇంకో మనిషి గొంతుమీద ఆనుకోవడంలో ఇంత సుఖముందని అంతకుముందు ఎవరైనా చెప్పుంటే నవ్వేవాడు. ఒకసారి పాట మధ్యలో రాజకుమారి ఆపేసి, "అయ్యా, మరి ఆళ్ళందరూ ఎలిపోతే గొర్రెల్ని ఎవులు కాసినారు?" అంది. రెండో చరణంలో ఉంది ఆ ముక్క. మందనెవరు కాతురనుచు మనసు జంకనేలయా, మందనిచ్చినవాడె నేడు మనకు వేచెనయ్య. పైడమ్మ "అదే సెప్తన్నాడు గదే, జంకొద్దని" అంది. "అనడానికేటి, అంటాడు. నక్కలు ఊరుకుంటాయేటి" అంది పిల్ల. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి బైరాగి అన్నాడు, "ఒకడు ఉండిపోయుంటాడే. ఎవుడో ఒకడు ఉండాల గదా. ఆడి గురించి పాటలో ఎయ్యరు." సరదాకే అన్నాడు. పైడమ్మ నవ్వడం ఆపి అతని వైపు చూసింది, ఆ చూపు ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికేముంది, పులుసు చల్లారిపోతోంది, పిల్ల నిద్రకు తూగుతోంది. తర్వాత చాలా ఏళ్ళు ఆ చరణం పాడినప్పుడల్లా అతనికి కొండ మీద చలిలో ఒంటరిగా మంట ఎగదోసుకుంటున్న వాడొకడు కనిపించేవాడు, అవతల వెలుతురు, ఇవతల గొర్రెలు. వాడి మీద జాలి వేసేది. వాడే తనకు నచ్చేవాడు కూడా. పని వదలనివాడు. నమ్మకస్తుడు. తనలాగే, అనుకునేవాడు. ఎంత పొగరు.

పాటని తాడెక్కించింది తనే. తొంభై తొమ్మిది తుఫాను తర్వాతి చలికాలం. కొబ్బరిచెట్లు తలలు పోయి మొండాలుగా నిలబడ్డాయి, వలలు సగం సముద్రం తీసుకుపోయింది, పాట ఎత్తే ముసలి కన్నయ్య అదే వారంలో చలిజ్వరంతో పోయాడు. వల వేస్తే నాచు వస్తోంది, జెల్లీలు వస్తున్నాయి, చేప రావడం లేదు. కన్నయ్య పాట ఎవరెత్తినా సగంలో విరిగిపోతోంది, రెండు తాళ్ళూ కలవడం లేదు, ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. ఆ తిట్ల మధ్య, ఆకలి మధ్య, బైరాగి నోరు తెరిస్తే ఇది వచ్చింది. మాటలు కాదు, వరస. మంచు రేయి అన్నచోట సంద్రమడుగున అని, కాపరులారా అన్నచోట సల్లని తల్లీ అని, అప్పటికప్పుడు ఏది దొరికితే అది అతికించి ఎత్తాడు. ఆ వరసలో ఒక సాగదీత ఉంది, సరిగ్గా అల వెనక్కి పోయేంతసేపు సాగుతుంది, ఆ తర్వాత ఒక దెబ్బ. ఒళ్ళు దానంతటదే వెనక్కి వాలుతుంది. ఆ రోజు వల సంచి నిండా కవళ్ళ చేపలు. మర్నాడు పారలు. "ఎక్కడిదిరా ఈ పాట" అని గున్నయ్య అడిగితే, "మా తాతది మావా, డొంకూరు నుంచి తెచ్చుకున్నాడు, ఒరియా వోళ్ళ వరస" అనేశాడు. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో. ఇంటికెళ్ళి చెప్తే పైడమ్మ మొదట నవ్వింది. తర్వాత, "ఇంట్లోది ఈదిలో పెట్టీసినావు" అంది. "కూడు పెట్టింది గదే" అన్నాడు. "పెట్టింది. అందుకే ఏటీ అనను" అంది. నిజంగానే ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ అనలేదు. కానీ ఆ ఏడు పండగ సాయంకాలం గుమ్మంలో పాడుతుంటే బైరాగి చేతులు వాటంతటవే తాడు పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి, చరణం చివర "ఐసా" అనబోయి ఆపుకున్నాడు. పైడమ్మ చూసింది. రాజకుమారి కూడా చూసింది.

మడమలకు సరుగుడు ఆకుల సూదులు తగిలాయి. తోట వచ్చింది. వీపు వెనక, చాలా దగ్గరగా, "అయ్యా."

మెలి విప్పుకోవాలి. వేళ్ళు వెతుక్కుంటున్నాయి. తిరగకూడదు.

"అయ్యా, అమ్మెలాగున్నాది?"

"ఉన్నాది."

"కాళ్ళు తగ్గినాయేటి?"

"నేదు."

"నన్ను రమ్మని కబురెట్టింది. ఢిల్లేసు మావ సేత." అంటే ఢిల్లేసుకు ముందే తెలుసు. తెలిసే భయం. "నువ్వు తోలుకెళ్తావంది. నువ్వొచ్చేదాకా ఇక్కడుంటాను. పిల్ల నీ మీసం సూసి ఏడుత్తాదని భయం నాకు. సూడు అయ్యా దీన్ని, ఒక్కపాలి సూడు." ఏదో తడి చెయ్యి, చాలా చిన్నది, అతని వీపు మీద చెమటను తాకి, తమాషాగా ఉన్నట్టుంది, ఇంకోసారి తట్టింది. బైరాగి మెలి విప్పుకుని, మొహం పక్కకు పెట్టుకుని, ఇసుకలో దిగిపోయాడు. దిగుతూ ఉంటే ఆ చెయ్యి తట్టినచోట గాలి చల్లగా తగులుతోంది, ఎంతసేపటికీ ఆరడం లేదు.

కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీకి పంపింది తనే. పప్పు ఒలిచే పని, నీడపట్టున ఉంటుందని. అక్కడ లారీ లోడు ఎత్తించే సామ్యేలు, మందసవాడు, వేరే కులంవాడు, ఆదివారం చర్చిలో డోలక్ కొట్టేవాడు. రాజకుమారి గింజలు ఒలుస్తూ పాడుకుంటున్న పాట విని, ఈ పాట నీకెక్కడిదని అడిగాడట. మా ఇంటిది అందట. ఆ మాట చెప్పి తల దించుకుని నవ్వింది పెళ్ళికి ముందు. మా ఇంటిది. ఆ పెళ్ళి మీద పెట్టిన ఊరి కూటంలో గున్నయ్య అడిగాడు, "బైరాగీ, నీకిట్టమేనా?" ఇష్టమేనని చెప్పడానికి నోరు తెరిచాడు. అందరూ తన వైపే చూస్తున్నారు, పొద్దున్నే తనతో తాడు పట్టుకున్న మొహాలే. "నా సేతిలో ఏటున్నాది మావా" అన్నాడు. అది ఒప్పుకోవడమూ కాదు, కాదనడమూ కాదు. ఒకే మాటకి ఆ పక్క కూతురూ పోయింది, ఈ పక్క తాడూ మిగిలింది. ఆ రోజునుంచి ఒక్కటే ఊరట పెట్టుకుని బతుకుతున్నాడు: తన దగ్గర ఒక ఆయుధం ఉంది. మీరు నోరారా పాడుతున్నది ఎవరి పాట అనుకున్నారు? ఏ పాట పాడిందని నా కూతుర్ని గడప తొక్కొద్దన్నారో ఆ పాటతోనే రోజూ మీ కూడు ఒడ్డుకు లాక్కుంటున్నారు. ఆ మాట ఒక్కటి అన్ననాడు గున్నయ్య మొహం ఎలా ఉంటుందో ఎన్నిసార్లు ఊహించుకున్నాడో. పాటైనా మానుకోవాలి, పిల్లనైనా రానివ్వాలి. పాట మానుకోలేరు, మానితే చేప రాదని భయం. అంటే పిల్లను రానిస్తారు. లెక్క ఎంత బాగా కుదిరిందో. ఇన్నాళ్ళూ ఎందుకనలేదంటే, తగిన రోజు రావాలని. ఇంతకంటే తగిన రోజు ఇంకేముంది? పండగ పొద్దు, పిల్ల తోటలో, పైడమ్మ గోడకు ఆనుకుని. వల దగ్గర పడుతోంది, ఇప్పుడు ఎవరూ తాడు వదలలేరు, వదిలితే సంచి తిరగబడుతుంది. వినక తప్పదు.

నీళ్ళ దగ్గర నిలబడి మెలేసుకున్నాడు. అల వెనక్కి పోయింది.

"మంచు రేయి కాపరులారా, మంట వీడి రండయా..."

"ఓ... ఐసా!" ఒక్కడు కూడా తడబడలేదు.

"పసుల పాకలో పుట్టినాడు, మన పేదల బిడ్డయా..."

"ఓ... ఐసా!"

అతని ముందుకి వచ్చి మెలేసుకుంటున్న ఢిల్లేసు మెడ బిగుసుకుపోయింది. "బావా, నీకేటైంది, పిచ్చిగాని ఎత్తిందేటి" అని పళ్ళ మధ్యనుంచి అంటున్నాడు. బైరాగి ఇంకా పెద్దగా ఎత్తాడు, రెండో తాడు చివరిదాకా వినబడేలా. గున్నయ్య నీళ్ళలోంచి నడిచి వచ్చాడు, తొందరేమీ లేదు, తువ్వాలు పిండుకుంటూ.

"ఏరా, పండగొచ్చిందా నీకు?"

"మావా, ఇది ఎవుల పాటో తెలుసా నీకు? ఇన్నాళ్ళూ మీరు పాడింది..."

"తెలుసురా."

అల వచ్చి ఇద్దరి కాళ్ళనూ తడిపి పోయింది.

"కాశీబుగ్గ సంతకి నానెల్లనేటి? డిసెంబరు వొచ్చిందంటే మైకులో పొద్దస్తమానూ ఇదే. నాకే కాదు, అందరికీ తెలుసు. అందరికీ తెలుసని నీకొక్కడికే తెల్దు." గున్నయ్య గొంతు అదే గొంతు, జీపు మాట్లాడిన గొంతు. "సేపలు పడతన్నాయి, పాడుకుంటన్నాం. పాటకి కులం నేదురా బైరాగీ. మనిసికున్నాది. లాగు, లాగు, మూతి పెడమారిపోతంది."

అంతే. కోపం కూడా రాలేదు ఆయనకి. బైరాగి చేతిలో తాడు ఉంది, ఇంకేమీ లేదు. అందరికీ తెలుసు. తెలిసే కూటంలో కూర్చున్నారు, తెలిసే తీర్పు చెప్పారు, మర్నాడు తెలిసే పాడారు. ఇన్నేళ్ళు మొలలో దాచుకున్న కత్తి బయటికి తీస్తే అది ఊళ్ళో అందరూ చేపలు కోసుకుంటున్న కత్తే. తర్వాతి చరణం ఎత్తాలి, రెండో చరణం, మందనెవరు కాతురనుచు, ఎత్తలేకపోయాడు.

తోటలోంచి ఇంకో గొంతు ఎత్తింది దాన్ని.

ఆడగొంతు, సన్నగా, తేటగా. రాజకుమారికి ఇక్కడి మాటలేం వినిపించి ఉంటాయి, ఈ హోరులో. వినిపించింది పాట ఒక్కటే: తండ్రి నోట, అసలు మాటలతో, పండగనాడు, ఊరంతా వింటుండగా, ఆ పాటకు ఊరంతా బదులు పలకడం. ఇంకేమనుకుంటుంది ఎవరైనా? నీలం చీర సరుగుడు నీడలోంచి ఎండలోకి వచ్చింది. పిల్లను చంకలో సర్దుకుంటూ, ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే నవ్వుకుంటూ, పాడుతూ దిగివస్తోంది. మందనెవరు కాతురనుచు మనసు జంకనేలయా. "ఓ... ఐసా!" అన్నారు తాళ్ళ మీదివాళ్ళు, అలవాటు మీద, ఎవరెత్తారో చూసుకోకుండా. ఆమె నవ్వు ఇంకా విచ్చుకుంది. ఆమె పెళ్ళినాడు కూడా తండ్రి అంత నవ్వు చూడలేదు. ఆ పెళ్ళికి తండ్రి వెళితే కదా. వద్దే, రావద్దే, అది నీకు కాదే అని అరవాలి. రెండో చరణం రెండో ముక్కకు జవాబు పలచబడింది. ఆ తర్వాతి దానికి ఢిల్లేసు మానేశాడు, అతని వెనకవాడు మానేశాడు, అవతలి తాడు మీద ఒక ముసలాయన ఒక్కడే "ఐసా" అని, అందరూ ఆగిపోయారని తెలిసి సిగ్గుపడి ఊరుకున్నాడు. సముద్రం ఒక్కటే. రాజకుమారి ఆగింది. ఒక్కొక్క మొహం చూసుకుంటూ వచ్చి చివరికి తండ్రి దగ్గర కళ్ళు నిలిపింది. అప్పటికి నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పెదవుల మీద ఉండిపోయింది.

నడుము దగ్గర మెలి. ఒక్క విసురు విసిరితే ఊడి వస్తుంది, రోజూ ఎన్నిసార్లు విప్పుకుంటాడో. బొటనవేలు దాని మీదే ఉంది.

గున్నయ్య తనే ఎత్తాడు. ముసలి గొంతు, కానీ వరస తప్పలేదు. "సంద్రమడుగున సల్లని తల్లీ..." "ఓ... ఐసా!" తాళ్ళు బిగిశాయి. బైరాగిని తాడు వెనక్కి లాగింది. ఒళ్ళు దానంతటదే వాలింది, మడమలు వాటంతటవే దిగబడ్డాయి. ఆ "ఐసా"లో తన గొంతు కూడా ఉందని బైరాగి అన్నాకే గమనించాడు. కూతురు విన్నది. వినకపోవడానికి ఆమె ఎంత దూరంలో ఉంది, రెండు బారల్లో ఉంది.

రాజకుమారి పిల్లను రెండో చంకకు మార్చుకుంది. వెనక్కి తోటలోకి పోతుందనుకున్నారు అందరూ, అతను కూడా. ఆమె చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, బిగిసి ఉన్న తాడు దగ్గరికి వచ్చి, ఆడది లాగే తాడు దాటకూడదని ఆ ఊళ్ళో పుట్టిన ప్రతి ఆడపిల్లకూ తెలిసిన ఆ తాడును, తండ్రికీ ఢిల్లేసుకూ మధ్యనుంచి, తాపీగా దాటింది. "ఓలమ్మ, తాడు దాటేసిందిరా!" అని గంపల దగ్గరనుంచి ఎవరో ఆడమనిషి అరిచింది. "ఏయ్ గుంటా!" అన్నారెవరో. ఎవరూ చెయ్యి వదలలేదు, వదిలితే వల పోతుంది. పాట ఆపడానికీ లేదు. ఆమె రెండో తాడు కూడా దాటి ఇళ్ళ వైపు నడిచింది. భుజం మీంచి పిల్ల ఒక్కటే వెనక్కి చూస్తోంది, ఎర్ర మేజోళ్ళు ఊగుతున్నాయి, బైరాగి మొట్టమొదటిసారి దాని మొహం చూశాడు. పైడమ్మ నుదురు.

ఇళ్ళ వరసలో ఆ చివరిది తమ ఇల్లు. తలుపు తోసుకుని లోపలికి పోవడం కనిపించింది. ఇప్పుడు పైడమ్మ చేతులు చాపుతుంది. ఇప్పుడు పిల్లను ఒళ్ళో పెడుతుంది. రేపటి సంగతి రేపు, ఢిల్లేసు ఏమంటాడో, గున్నయ్య ఏం తేలుస్తాడో, రేపు ఈ వరసలో తన పలుపుకు జాగా ఉంటుందో ఉండదో. ఇప్పుడు మాత్రం ఆ ఇంట్లో మొదలుపెట్టి ఉంటారు. ముందు పైడమ్మ ఎత్తుకుంటుంది, ఊపిరి చాలక మధ్యలో ఆగుతుంది, కూతురు అందుకుంటుంది. అడుగునుంచి పట్టే గొంతు ఒకటి లేదు, అయినా పాడతారు. బైరాగి చెవులు రిక్కించాడు. ఆ పక్కనుంచి ఏమీ రావడం లేదు. వస్తోందేమో, వినబడడం లేదు. ఇక్కడ వీళ్ళు పాడుతున్నారు, ఇన్ని గొంతులు, అదే పాట, అదే సాగదీత, అదే దెబ్బ. దాని మీంచి ఆ రెండు గొంతులు ఎలా వినబడతాయి? వినాలంటే వీళ్ళు ఆపాలి. వీళ్ళు ఆపాలంటే వల ఒడ్డుకు రావాలి. వల రావాలంటే లాగాలి.

లాగాడు.